ఒక్క రౌండుకే ఆయాసం, ఎనిమిది నిమిషాలకే విసుగు. స్టామినా పెరగాలంటే ఎట్ట?

పెన్నా_ఒడ్డు:

అందరికీ నమస్తే. మాది నెల్లూరు. వయసు 34, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 82 కిలోలు. పొద్దున 9 నుంచి రాత్రి 7 దాకా కుర్చీలోనే ఉద్యోగం. మూడు వారాల నుంచి వ్యాయామం మొదలుపెట్టా. వారంలో మూడు రోజులు వీఆర్‌సీ గ్రౌండులో పరుగు, రెండు రోజులు జిమ్‌లో ట్రెడ్‌మిల్.

గ్రౌండులో నేను తిరిగే చుట్టు ఫోన్‌లో చూస్తే దాదాపు 400 మీటర్లు. మొదటి రౌండు 2 నిమిషాల 20 సెకన్లలో అయిపోతుంది. రెండోది సగం కూడా కాకముందే ఊపిరాడదు, కుడి డొక్కలో పోటు. పది నిమిషాలు కూలబడి, ఇంకో రౌండు లాగి ఇంటికి పోతా ఉన్నా. ఈ వారం నుంచి రెండు కాళ్లలో మోకాలి కింద ముందెముక లోపలి అంచు వెంట నొప్పి కూడా తోడైంది. వాచీ చూస్తే గుండె వేగం 175, 178 అంటోంది.

ట్రెడ్‌మిల్ కథ వేరే. ఆయాసం కంటే ముందు విసుగొస్తుంది. ఎనిమిదో నిమిషం నుంచి గడియారం చూడటమే పని. పాటలు పెట్టుకున్నా అంతే.

బీపీ, షుగర్ లేవనే అనుకుంటున్నా, పరీక్ష చేయించి రెండేళ్లయింది. నాన్నకు 51 ఏళ్లప్పుడు స్టెంట్ వేశారు. నాకు దొరికేది పొద్దున 5:30 నుంచి 6:30 వరకే. మార్చి వచ్చేసింది, ఇంకో నెలకు ఆ టైముకే చెమటలు కారతాయి. ఊపిరి నిలబడాలంటే ఏం చేయాలి, ఈ విసుగు పోవాలంటే ఏం చేయాలి? వివరంగా చెప్పండి, "రోజూ ప్రాక్టీసు చేయి బ్రో" అనొద్దు.

కూత_ఆగని_కబడ్డీ:

మీ స్టామినా సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ వేగం చూడండి. 400 మీటర్లు 2:20లో అంటే గంటకు 10 కిలోమీటర్ల పైమాటే. మూడు వారాల కింద కుర్చీలోంచి లేచిన మనిషికి అది జాగింగ్ కాదు, బస్సు వెంట పరుగు. ఆ వేగంలో ఎవరికైనా రెండో రౌండులో ఊపిరి తెగుతుంది.

అదే చుట్టు చురుగ్గా నడిస్తే 4 నిమిషాల నుంచి 4:20 పడుతుంది. మీ జాగింగ్ 3:10 నుంచి 3:25 మధ్య ఉండాలి. అంటే నడక కంటే ఒక్క నిమిషమే తక్కువ. పక్కన వాకింగ్ చేసే పెద్దాయన మిమ్మల్ని దాటి పోతాడేమో అన్నంత నిదానం. సిగ్గనిపిస్తుంది, ఆ సిగ్గే కొత్తవాళ్ల చేత అతివేగం చేయిస్తుంది.

వేగం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. పరిగెత్తుతూ పదమూడో ఎక్కం పైకి చదవండి. "పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్ల ఇరవయ్యారు, పదమూడు మూళ్ల ముప్పై తొమ్మిది". ఇట్ట మూడు వరసలు ఒక్క ఊపిరిలో వస్తే వేగం కరెక్టు. ఒక్కో వరసకు ఒక్కో ఊపిరి పీల్చాల్సి వస్తే హద్దులో ఉన్నారు. వరస మధ్యలోనే తెగితే వెంటనే నడకలోకి దిగండి. ఎక్కం మర్చిపోయి ఆగితే మాత్రం అది ఊపిరి తప్పు కాదు, లెక్కల మాస్టారి తప్పు.

ఇక పద్ధతి. వారంలో మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ. ప్రతిసారీ ముందు 5 నిమిషాలు నడక, చివర 5 నిమిషాలు నడక. మధ్యలో మొదటి రెండు వారాలు 1 నిమిషం జాగింగ్, 2 నిమిషాలు నడక, ఇట్ట 8 సార్లు. మూడు, నాలుగు వారాల్లో 2 నిమిషాలు జాగింగ్, 2 నిమిషాలు నడక, 6 సార్లు. ఐదు, ఆరు వారాల్లో 3 నిమిషాలకు ఒకటిన్నర నిమిషం నడక, 6 సార్లు. ఏడో వారం 5 నిమిషాలకు 2 నిమిషాలు, 4 సార్లు. ఎనిమిదో వారం 8 నిమిషాలకు 2 నిమిషాలు, 3 సార్లు. అది హాయిగా నడిస్తే తొమ్మిదో వారం నుంచి ఆగకుండా 20 నిమిషాలు ప్రయత్నించవచ్చు. ఏ వారంలోనైనా చివరి జాగింగ్‌లో ఎక్కం తెగిపోతుంటే పైవారానికి పోవద్దు, అదే వారం మళ్లీ చేయండి. తొమ్మిది వారాలది పద్నాలుగు వారాలైతే మునిగిపోయేదేం లేదు.

కూలబడటం మానేయండి. పరిగెత్తి ఒక్కసారిగా కూర్చుంటే కాళ్లలోకి దిగిన రక్తం పైకి రావడం మందగించి కళ్లు తిరుగుతాయి. ఆయాసం వస్తే నడవండి, ఆగొద్దు.

డొక్కలో పోటుకు కారణం ఎక్కువగా కడుపులో ఉన్న తిండి, పాలు, తీపి జ్యూసులు, పైగా పైపైన పీల్చే ఊపిరి. పొద్దున 5:30కి అయితే ఒక గ్లాసు నీళ్లు చాలు, మరీ నీరసమనిపిస్తే సగం అరటిపండు. పోటు వచ్చినప్పుడు నడకలోకి దిగి, ఆ చోట నాలుగు వేళ్లతో నొక్కి పట్టి, నడుము కాస్త ముందుకు వంచి, పెదాలు సున్నా చుట్టి పొడవుగా ఊపిరి వదలండి. ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది.

ఎముక_గూడు:

పై లెక్కంతా బాగుంది. కానీ నాన్నగారి స్టెంట్ మాట దాటేసి పోవడానికి లేదు. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెజబ్బు వస్తే దాన్ని కుటుంబ చరిత్ర కిందే లెక్కేస్తారు. మీకు భయపడాల్సిన పని లేదు, నడక ఆపాల్సిన పనీ లేదు. జాగింగ్ పెంచే ముందు ఒకసారి జనరల్ ఫిజీషియన్ దగ్గరికి పోయి బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ పరీక్ష, ఈసీజీ చేయించుకోండి. నాన్నగారికి ఏ వయసులో వచ్చిందో మీరే నోరు తెరిచి చెప్పాలి, డాక్టరు అడిగేదాకా ఆగొద్దు. అవసరమనుకుంటే ఆయనే టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ, రాస్తారు. ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉండటం, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకడం, కళ్లు చీకట్లు కమ్మడం, గుండె లయ తప్పి కొట్టుకోవడం, వీటిలో ఏదొచ్చినా గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోవద్దు, ఆసుపత్రికి పోవాలి.

వాచీలో 175 నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు. మణికట్టు వాచీ పచ్చ కాంతితో రక్తం కదలికను చదువుతుంది. పట్టీ వదులుగా ఉంటే అడుగుల ఊపునే గుండె చప్పుడు అనుకుని లెక్కేస్తుంది. నిమిషానికి 170 అడుగులు వేస్తుంటే గుండె వేగం కూడా అంతే చూపిస్తుందంటే అనుమానించాల్సిందే. మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైన పట్టీ బిగించండి. ఆగీ ఆగగానే, నడుస్తూనే, మెడ పక్కన రెండు వేళ్లు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. అది 140 వచ్చి వాచీ 175 చూపిస్తే తప్పు వాచీదే. గరిష్ఠ వేగం అంచనాకు 208 లోంచి వయసుకు 0.7 రెట్లు తీసేస్తారు. మీకు 184 వస్తుంది. మనిషికీ మనిషికీ పది అటూ ఇటూ ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకుని వేలాడొద్దు, ఎక్కం పరీక్షే నమ్మకమైనది.

ఇప్పుడు కాలి నొప్పి. బొటనవేలితో ఎముక లోపలి అంచు వెంట కింద నుంచి పైకి నొక్కుకుంటూ రండి. జానెడు పొడవునా పాకినట్టు నొప్పి ఉంటే అది షిన్ స్ప్లింట్స్. ఎముకకు అంటుకున్న పొరకు, కండరాలకు ఒక్కసారిగా పనిభారం పడటం వల్ల వస్తుంది. ఒకే చోట, ఒక్క వేలు పట్టేంత జాగాలో ప్రాణం లేచినట్టు ఉంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముక బీట అయ్యే అవకాశం ఉంది. అప్పుడు పరుగు పూర్తిగా ఆపి ఆర్థో దగ్గరికి పోవాలి. ఆ బీట మొదటి రెండు వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, "ఎక్స్‌రే నార్మల్" అనగానే మళ్లీ పరిగెత్తేవాళ్లు ఉన్నారు.

మొదటి రకమే అయితే ఒక పది రోజులు పరుగు బదులు చదును నేల మీద నడక, సైకిల్. నొప్పి 10కి 2 దాటని నడక చేయవచ్చు. రోజు విడిచి రోజు మెట్టు అంచున నిలబడి మడమలు లేపడం, దించడం 12 నుంచి 15 సార్లు, మూడు విడతలు. లేపడానికి ఒక సెకను, దించడానికి మూడు సెకన్లు. ఒక విడత మోకాళ్లు నిటారుగా, ఇంకో విడత కాస్త వంచి చేస్తే పిక్కలోని రెండు కండరాలకూ పని పడుతుంది.

ఇంకో మాట. పరుగు వల్ల రక్తంలో నీటి భాగం మొదటి ఒకటి రెండు వారాల్లోనే పెరుగుతుంది, గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది, ఊపిరి చప్పున సులువవుతుంది. ఎముక, నరం పట్టీలు గట్టిపడటానికి నెలలు కావాలి. అందుకే నాలుగో వారంలో "ఇంకో నాలుగు రౌండ్లు కొట్టగలను" అనిపించేది ఊపిరికి, కాలికి కాదు. గాయాలన్నీ ఆ నాలుగో వారం ఉత్సాహంలోనే.

బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. నిలబడితే పెద్దవేలికి బూటు కొసకి మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. అడుగు కింద రబ్బరు గళ్లు అరిగి నున్నగా అయిన పాత బూట్లతో మాత్రం వద్దు.

ఒంగోలు_ఉక్కపోత:

ఎండ గురించి ఎవరూ చెప్పలేదు, మన జిల్లాల్లో అదే సగం సమస్య.

తెల్లారుజామున చల్లగా ఉంటుందనే గానీ, సముద్రం పక్క ఊళ్లలో గాలిలో తేమ ఆ టైములోనే ఎక్కువ. చెమట పడుతుంది, ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఒంటిని చల్లార్చడానికి గుండె రక్తాన్ని చర్మానికి మళ్లిస్తుంది, కాళ్లకు తక్కువవుతుంది. దాంతో ఫిబ్రవరిలో హాయిగా నడిచిన వేగానికే ఏప్రిల్‌లో గుండె నిమిషానికి పది, పదిహేను దెబ్బలు ఎక్కువ కొడుతుంది. దీన్ని "స్టామినా పోయింది" అనుకుని ఇంకా గట్టిగా పరిగెత్తేవాళ్లు దెబ్బతింటారు. వేసవిలో రౌండు టైము చూడొద్దు. 3:15 రౌండు 3:40 అయినా అదే కష్టం, అదే ఫలితం.

వేడికి ఒళ్లు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రెండు వారాలు జాగింగ్ విడతలు పెంచకుండా ఉన్నచోటే ఉండండి. మే నెలలో, అందులోనూ రోళ్లు పగిలే రోహిణి కార్తెలో 6 గంటలకే ముగించండి. లేదంటే ఇంట్లో ఫ్యాను కింద చేయండి.

నీళ్ల లెక్క తేలిక. పోయే ముందు, వచ్చాక చెమట తుడుచుకుని బరువు చూసుకోండి. అరకిలో తగ్గితే సుమారు అర లీటరు చెమట పోయినట్టు. ఆ లోటు తర్వాతి రెండు మూడు గంటల్లో నిదానంగా తాగండి. గంటలోపు వ్యాయామానికి మామూలు నీళ్లు, వచ్చాక ఉప్పేసిన పలుచటి మజ్జిగ చాలు. బాగా చెమట పట్టి తల నొప్పిగా ఉంటే ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో చిక్కగా కలుపుకుని తాగితే మేలు బదులు కీడు, దాహం పెరిగి కడుపు చెడుతుంది. డబ్బాల్లో అమ్మే తియ్యటి రంగు నీళ్లు ఓఆర్ఎస్ కాదు, అట్ట మీద "ఓఆర్ఎస్" కాకుండా ఇంకేదో రాసి ఉంటే పక్కన పెట్టండి.

చెమట ఆగిపోయి, ఒళ్లు కాలుతూ, మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. చెమట పడుతూనే ఉన్నా మాట తడబడితే అంతే ప్రమాదం.

విసుగు_రాయుడు:

అందరూ ఊపిరి, ఎముక, ఎండ చెప్పేశారు. నాకు మిగిలింది విసుగు.

విసుగులో సగం పైన చెప్పిన అతివేగమే. ఒంటికి కష్టంగా ఉన్నప్పుడు బుర్ర గడియారం వైపే చూస్తుంది. వేగం తగ్గగానే సగం తగ్గిపోతుంది. మిగతా సగానికి మందు, బుర్రకు లెక్కపెట్టడానికి నిమిషాలు కాకుండా ఇంకేదైనా ఇవ్వడం.

ట్రెడ్‌మిల్‌తో మొదలుపెడదాం. తెర మీద తువ్వాలు కప్పండి. వేగం గంటకు 5.2 కిలోమీటర్ల దగ్గర పెట్టి వదిలేయండి. ఇక కదపాల్సింది వాలు ఒక్కటే. మొదటి రెండు నిమిషాలు వాలు 1, తర్వాత రెండు నిమిషాలు 2, ఇట్ట 6 దాకా ఎక్కి, మళ్లీ 5, 4, 3, 2, 1 అని దిగండి. మొత్తం 22 నిమిషాలు. ఎక్కేది పదకొండు మెట్లు అనుకుంటే ఏ మెట్టు మీద ఉన్నామో బుర్రకు తెలుస్తుంది, ఆరో మెట్టు దాటాక దిగుడే కదా అని సంతోషం. 6 దగ్గర ఎక్కం తెగిపోతే 4 దాకానే ఎక్కండి. ఒక్క షరతు, ముందు కడ్డీ పట్టుకోకూడదు. పట్టుకుని వెనక్కి వాలితే వాలు ఎక్కినట్టు తెర మాత్రమే చెబుతుంది, ఒళ్లు చదును మీదే నడుస్తుంది. పట్టుకోక తప్పడం లేదంటే వాలో వేగమో ఎక్కువైందని అర్థం.

రోడ్డు మీదైతే స్తంభాలాట. కరెంటు స్తంభాలు రెండు జాగింగ్, ఒకటి నడక. కాసేపయ్యాక మూడు జాగింగ్, రెండు నడక. ఎరుపు రంగు బండి ఎదురైతే తర్వాతి స్తంభం దాకా కాస్త వేగం. స్వీడన్‌లో 1930ల్లో గోస్టా హోల్మర్ అనే కోచ్ దీన్నే ఫార్ట్‌లెక్ అని నేర్పాడు, ఆ మాటకు అర్థమే వేగంతో ఆట. మన వీధుల్లో కుక్కలు దీనికి అదనపు కోచ్‌లు, అవి మీదికొస్తే పరుగు ఆపి నడవండి. పరిగెత్తేకొద్దీ తరుముతాయి.

వినడానికి పాటలు పెట్టుకోవడంలో చిక్కుంది. మూడు నాలుగు నిమిషాలకో పాట మారుతుంది, మారినప్పుడల్లా టైము గుర్తొస్తుంది. పాటల బదులు అరగంట సాగే నాటకమో, కథో, క్రికెట్ మాటామంతో పెట్టుకోండి. దాన్ని నడకలో తప్ప ఇంకెక్కడా వినొద్దు. సగంలో ఆగిన కథే రేపు పొద్దున లేపుతుంది. రోడ్డు మీద ఒక్క చెవికే పెట్టుకుని, కుడి పక్కన, ఎదురుగా బండ్లు వచ్చే వైపు నడవండి.

వారానికి ఒక రోజు చోటు మార్చండి. ఆదివారం మైపాడు పోతే నీటి అంచు దగ్గర తడి ఇసుక గట్టిగా ఉంటుంది, నడక అక్కడే. పైన పొడి ఇసుకలో మడమ లోపలికి దిగిపోయి మడమ వెనక నరం పట్టీ లాగుతుంది, మొదట్లో పది నిమిషాలు మించొద్దు. తడి ఇసుక కూడా సముద్రం వైపు వాలి ఉంటుంది. ఒకే వైపు గంటసేపు నడిస్తే ఒక తుంటి, ఒక మోకాలు ఎక్కువ భారం మోస్తాయి. ఎంత దూరం పోయారో అంతే దూరం అదే దారిలో వెనక్కి రండి, లెక్క సరిపోతుంది. నరసింహకొండ ఎక్కాలనుకుంటే ఎక్కేటప్పుడు ఎక్కం చదివే వేగం, దిగేటప్పుడు చిన్న అడుగులు. ఆయాసం ఎక్కేటప్పుడు వస్తుంది, మర్నాటి తొడనొప్పులు మాత్రం దిగుడు వల్లే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ముసురు. అప్పుడు అపార్ట్‌మెంట్ మెట్లు, స్కిప్పింగ్ పనికొస్తాయి. తాడు మధ్యలో కాలు వేసి నిలబడితే పిడులు చంకల దాకా రావాలి, అంతకంటే పొడవైతే కాళ్లకు చుట్టుకుంటుంది. 20 సెకన్లు ఎగరడం, 40 సెకన్లు విరామం, పది సార్లు. రెండు మూడు సెంటీమీటర్లు లేస్తే చాలు, సిమెంటు నేల మీద కాకుండా రబ్బరు చాప మీద. కాలి ఎముక నొప్పి పూర్తిగా పోయేదాకా మీరు తాడు ముట్టొద్దు.

నిమిషం_చాలు:

ఇంత తతంగం ఎందుకన్నా? 7 నిమిషాల హై ఇంటెన్సిటీ వీడియోలు ఉన్నాయి కదా, రోజూ అది చేస్తే సరిపోదా?

ఎముక_గూడు:

ఆ ఏడు నిమిషాల్లో ఎగిరే వ్యాయామాలే ఎక్కువ. ఎముక అంచు నొప్పితో ఉన్నవాళ్లకు, గుండె పరీక్ష ఇంకా చేయించుకోని వాళ్లకు అవి మొదటి మెట్టు కాదు. తక్కువ టైములో ఫలితం ఇచ్చేది కష్టం ఎక్కువ కాబట్టే, దానికి తట్టుకునే పునాది ముందు పడాలి. పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ, దానికి తోడు రెండు రోజులు కండరాల వ్యాయామం. రోజుకు 7 నిమిషాల చొప్పున వారానికి 49. లెక్క మీరే చూసుకోండి.

కావలి_సైకిల్:

విసుగు_రాయుడు గారితో ఒకచోట తేడా. రోజుకో ఆట మారిస్తే విసుగు పోతుంది, ముందుకు పోతున్నామో లేదో కూడా తెలియకుండా పోతుంది. మూడు రోజుల్లో రెండు మార్చకండి, అదే గ్రౌండు, అదే చుట్టు. మూడోది ఎట్టయినా ఆడుకోండి.

కాలి నొప్పి తగ్గే దాకా సైకిల్ అన్నారు కాబట్టి సీటు ఎత్తు చెబుతా. సీటు మీద కూర్చుని, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొంచెం వంగుతుంది, అది సరైన ఎత్తు. ఇంట్లో పాత సైకిళ్లకు ఎప్పుడూ సీటు కిందికే ఉంటుంది, మోకాలి చిప్ప ముందు నొప్పి అందుకే. మొదటి పది రోజులు చదును రోడ్డు మీద 12 నుంచి 14 కిలోమీటర్ల వేగంతో 30 నిమిషాలు. నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది, రానూపోనూ యాభై. మొదటి ఆదివారమే ఆ సాహసం చేసి ఆటోలో సైకిల్ వేసుకుని రావొద్దు.

పెన్నా_ఒడ్డు:

పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా. పరీక్షలు చేయించా, ఈసీజీ, బీపీ మామూలుగానే ఉన్నాయి, కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువ. జాగింగ్‌కు డాక్టరు సరేనన్నారు. కాలి నొప్పి జానెడు పొడవున పాకిన రకమే, ఇప్పుడు నొక్కితే తప్ప తెలియడం లేదు.

నిన్న 1 నిమిషం, 2 నిమిషాల పద్ధతి చేశా. మెడ దగ్గర లెక్కపెడితే 144, వాచీ 171. అంటే వాచీదే తప్పు. ఎక్కం మాత్రం ఆరో జాగింగ్‌లో పదమూడు ఆర్ల దగ్గర తెగింది. ఏడు, ఎనిమిది విడతలు నడకే చేశా. దాన్ని ఫెయిల్ అనుకోవాలా?

ఇంకోటి. మా ఆవిడ కూడా వస్తానంటోంది. ఆమె ఇంకా నిదానం. పక్కపక్కన పోతే నాకు నడక అయిపోతుంది, విడివిడిగా పోతే ఆమెకు ఒంటరితనం, ఆ తెల్లారుజామున గ్రౌండులో ఒక్కదాన్నీ వదిలేసి పోలేను. ఎట్ట?

కూత_ఆగని_కబడ్డీ:

ఫెయిల్ కాదు. తెగిన చోట నడకలోకి దిగారు కదా, అదే పాసు. రేపటి నుంచి 8 బదులు 6 విడతలు పెట్టుకుని, ఆరూ తెగకుండా రెండుసార్లు వచ్చాక ఏడు, ఎనిమిది చేయండి. ఆరో విడతలో తెగిందంటే మొదటి రెండు విడతలు ఇంకా వేగంగా పోతున్నారని అనుమానం, చూసుకోండి. మొదటి జాగింగ్ "ఇంత నిదానమా" అనిపించాలి.

అడుగులు కూడా ఒకసారి లెక్కపెట్టండి. 30 సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు పడింది? 38 నుంచి 42 మధ్య ఉంటే బాగుంది. 34 దగ్గర ఉంటే అడుగు మరీ పొడవు, మడమ ఒంటికి ముందు పడి దెబ్బంతా ముందెముకకు పోతోంది. అడుగు కుదించండి, వేగం పెంచకుండా. పాదం పడే చప్పుడు మీకే గట్టిగా వినిపిస్తుంటే కూడా ఇదే అర్థం.

నెలకోసారి పరీక్ష పెట్టుకోండి. పరుగు వద్దు, మీ చుట్టు నాలుగుసార్లు వీలైనంత చురుగ్గా నడిచి టైము, ఆగీ ఆగగానే పట్టిన నాడి, ఒక నిమిషం ఆగాక పట్టిన నాడి, మూడూ రాసుకోండి. టైము తగ్గినా, అదే టైముకు నాడి తగ్గినా, ఆ ఒక్క నిమిషంలో నాడి ఇంతకుముందు కంటే ఎక్కువ పడిపోయినా ముందుకు పోతున్నట్టే. బరువు కొలిచి నిరుత్సాహపడొద్దు. అరగంట జాగింగ్‌తో ఖర్చయ్యేది రెండు నెయ్యి కారం దోశలతో చెల్లు.

విసుగు_రాయుడు:

ఇద్దరి లెక్కకు నా దగ్గర ఉపాయముంది. చుట్టు తిరగడం మానేసి పోయి రావడం చేయండి. గేటు దగ్గర ఇద్దరూ ఒకేసారి బయలుదేరి ఎవరి వేగంలో వాళ్లు పోవాలి. 12 నిమిషాలకు ఇద్దరి ఫోన్లలో అలారం మోగుతుంది, ఎక్కడున్న వాళ్లు అక్కడే వెనక్కి తిరగాలి. మీరు ఎక్కువ దూరం పోయారు, ఆమె తక్కువ. వచ్చేది కూడా అదే వేగంతో అయితే ఇద్దరూ 24వ నిమిషానికి గేటు దగ్గర కలుస్తారు. మీరు ముందొస్తే పోయేటప్పుడు దాచుకున్నారని, ఆమె ముందొస్తే మీరు పోయేటప్పుడు ఎగబడ్డారని అర్థం. ఎగబడేది ఎవరో ఇద్దరికీ తెలుసనుకుంటా.

వెలుతురు సరిగా లేని రోజుల్లో, ఒంటరిగా వదలడం ఇష్టం లేనప్పుడు గ్రౌండులోనే ఉండి ఎదురెదురు దిశల్లో తిరగండి. ప్రతి చుట్టులో దాదాపు రెండుసార్లు ఎదురవుతారు. ఎదురైనప్పుడల్లా ఎక్కంలో తర్వాతి వరస ఒకరు మొదలుపెట్టి ఇంకొకరు ముగించాలి. ఆమె "పదమూడేళ్ల" అంటే మీరు "తొంభై ఒకటి" అనలేకపోతే తర్వాతి సగం చుట్టు నడకే.